అప్పు చేయకుండా సముద్రం దాటిన వైనం

మా ఊరి నుండి సముద్రం దాటి వెళ్ళినవారు లేకపోలేదు. కువైట్, దుబాయి, మస్కట్‌లకు పనికి వెళ్ళినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అయితే చూడడానికని, కేవలం చూడడానికని, సొంత డబ్బు పెట్టుకుని వెళ్ళినవారు మాకు తెలిసి ఎవరూ లేరు. అందుకే 2018లో మేమిద్దరం పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టినప్పుడు విచారణకు వచ్చిన కానిస్టేబులు కూడా, "ఈ వయసులో ఎందుకండీ మాస్టారూ, అబ్బాయి గాని అమ్మాయి గాని అమెరికాలో ఉన్నారా?" అని అడిగాడు. మా పిల్లలు హైదరాబాదు దాటి వెళ్ళలేదని చెబితే అతనికి నమ్మకం కలగలేదు.

సంగతి ఇది. 2019 ఫిబ్రవరికి మా పెళ్ళయి నలభై ఏండ్లు నిండుతాయి. ఈ నలభై ఏండ్లలో బడి, పొలం, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు తప్ప మేము ఎక్కడికీ వెళ్ళలేదు. ఆసుపత్రి కోసం వెల్లూరులో ఉన్న నెలన్నరను ప్రయాణమనుకుంటే అదొక్కటే ప్రయాణం. ఉద్యోగ విరమణ నాడు వచ్చిన డబ్బులో లక్ష రూపాయలు పోస్టాఫీసులో విడిగా వేసి, "దీన్ని ముట్టుకోకూడదు, ఎప్పుడైనా ఒకసారి విమానం ఎక్కుదాం" అని అనుకున్నాము. ఆ లక్షే మా దగ్గర ఉన్నది. మాది గోదావరి డెల్టా, రెండెకరాల దాళ్వా వరి. దానిపై మిగిలేది ఇంటి ఖర్చుకే సరి.

విషయం బయటపడగానే సంఘములో అందరూ ఒకే మాట అన్నారు. "సముద్రం దాటుతున్నారంటే యెరూషలేమే గదా!" మాకు మాత్రం ఆశ లేదా? ఒక ఏజెంటు వచ్చి జోర్దాను, ఇశ్రాయేలు, ఐగుప్తు మూడు దేశాలు పది రోజుల్లో తిప్పుతామని, తలకు 95,000 రూపాయలని చెప్పాడు. అంటే ఇద్దరికీ 1,90,000. చేతిఖర్చు, గైడులకు ఇవ్వవలసిన డాలర్లు వేరు. మేము ముందూ వెనుకా చూడకుండా 10,000 రూపాయలు బయానా ఇచ్చాము. తేదీ రెండుసార్లు మారింది. మూడవసారి ఫోను ఎత్తడం మానేశాడు. మా అల్లుడు గారు వెళ్ళి గట్టిగా అడిగితే 6,000 తిరిగి వచ్చాయి. మిగిలిన నాలుగు వేలు పాఠం నేర్చుకున్న ఫీజు క్రింద రాసుకున్నాము. రసీదు మీద సంస్థ రిజిస్ట్రేషను నంబరు ఉన్నదా, టిక్కెట్టు ఎవరి పేరున తీస్తారు, రద్దయితే ఎంత తిరిగి వస్తుంది, ఈ మూడూ కాగితం మీద చూడకుండా ఎవరికీ బయానా ఇవ్వకండి. పరిశుద్ధ స్థలాల పేరు చెప్పేవాడైనా సరే.

అయినా ఆశ చావలేదు. తక్కువైన సొమ్ముకు నాలుగు పేటల గొలుసు బ్యాంకులో పెడదామన్న మాట వచ్చింది. రెండు రాత్రులు ఇంట్లో అదే చర్చ. చివరికి మా ఆవిడ, "ఏమండీ, ఆ అప్పు తీరే వరకు నెల నెలా వడ్డీ కట్టేటప్పుడల్లా నాకు యెరూషలేము గుర్తుకు రావాలా? అలా గుర్తుకు రావడం నాకు ఇష్టం లేదు" అన్నది. దాంతో గొలుసు మాట పోయింది.

మా అయ్యగారు అంతకు ముందే ఆ యాత్ర చేసి వచ్చారు. ఆయనను అడిగితే వెళ్ళమని గాని వద్దని గాని అనలేదు. బస్సు తెల్లవారు జామునే బయలుదేరుతుందని, పాత యెరూషలేము వీధులన్నీ రాళ్ళు పరచిన మెట్లేనని, పెట్రాలో కొండ చీలిక లోపలే కిలోమీటరు పైగా నడవాలని, సీనాయి కొండ ఎక్కేవారు అర్ధరాత్రి లేచి ఎక్కుతారని ఉన్నది ఉన్నట్టు చెప్పి, "గుంపుతో పాటు పరుగెత్తగలిగితే వెళ్ళండి అమ్మా" అన్నారు. మా ఆవిడ మోకాళ్ళ సంగతి ఆయనకు తెలుసు. మన రాష్ట్ర ప్రభుత్వం ఈ యాత్రకు సహాయం ఇస్తుంది గదా అని కొందరు అడిగారు. 2019 చివరలో ఆ సహాయాన్ని ఏటా మూడు లక్షల లోపు ఆదాయం గలవారికి 60,000 రూపాయలకు, అంతకు మించినవారికి 30,000 రూపాయలకు పెంచారు. మేము లెక్కలు వేసుకుంటున్న నాటికి అంత లేదు. ఉన్నా మిగతా భారం మనదే.

అప్పుడు మా మనుమడి పాత రూళ్ళ నోటుబుక్కు ఒకటి తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాము. దేశానికి ఒక పేజీ. ఈ పని నెల రోజులు చేశాము. నిజం చెప్పాలంటే ప్రయాణంలో సగం సంతోషం ఆ నెలలోనే దొరికింది.

మొదటి పేజీ నేపాలు. భారతీయులకు వీసా అక్కరలేదు, ఓటరు కార్డు చాలు. ఖర్చు అన్నిటికంటే తక్కువ. కాని మా ఊరి నుండి గోరఖ్‌పూరు వరకు రైలు, అక్కడి నుండి సరిహద్దు, మళ్ళీ ఘాటు దారిలో బస్సు. ఫిబ్రవరి చలి వేరు. పైగా 2018 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం వంద రూపాయలకు మించిన మన నోట్లను నిషేధించింది. వందల కట్టలు నడుముకు కట్టుకుని తిరగాలా అని నవ్వుకుని పేజీ తిప్పాము.

సింగపూరుకు టిక్కెట్టు చవకగా దొరుకుతున్నదని మా అబ్బాయి చెప్పాడు. దొరికింది కూడా. అయితే అక్కడ ఒక రాత్రి గదికి అయ్యే డబ్బు మా ఊళ్ళో నెల సరుకులకు సరిపోతుంది. టిక్కెట్టు ధర చూసి దేశాన్ని ఎంచుకుంటే మోసపోతామని అప్పుడే తెలిసింది. టిక్కెట్టు ఒక్కసారి కొంటాము, అన్నం రోజుకు మూడుసార్లు కొనాలి. కనుక ప్రతి పేజీలోనూ పైన విమానం ఖర్చు కాక, ఒక రోజు బ్రతకడానికి ఎంత అన్నది ముందు రాయడం మొదలుపెట్టాము.

మలేసియా మీద మాకు మనసు పోయింది. తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువారి మనుమలు, మునిమనుమలు అక్కడ పెరాక్ ప్రాంతంలో ఈనాటికీ ఉన్నారు. విశాఖపట్నం నుండి విమానమూ ఉండేది. కాని మాకు ఎరిగినవారు ఒక్కరూ లేరు, మలయా భాష ఒక్క ముక్క రాదు. తాతల కాలంలో మన జిల్లాలవాళ్ళు ఓడ ఎక్కి వెళ్ళిన రంగం, అంటే రంగూను, దానికీ ఒక పేజీ పెట్టాము. అది సగంలో ఆగిపోయింది.

శ్రీలంక పేజీ చివరిది. అది రాస్తుండగా మా ఆవిడ పెన్ను ఆపి, "స్కడ్డరు దొరగారు మొదట వచ్చింది అక్కడికే గదండీ?" అన్నది.

ఈ మాట వెనుక ఒక కథ ఉన్నది. 1991లో ఆమెకు వెల్లూరు ఆసుపత్రిలో పెద్ద ఆపరేషను జరిగింది. బ్రతుకుతుందో లేదో తెలియని రోజులవి. ఆ నెలన్నరలో ఒక ముసలి నర్సమ్మ మాకు ఆసుపత్రి చరిత్ర చెప్పేది. ఐడా స్కడ్డరు గారు 1900లో చిన్న వైద్యశాలగా మొదలుపెట్టిన సంగతి మన పాఠకులకు తెలిసిందే. ఆమె తాతగారు జాన్ స్కడ్డరు అమెరికా నుండి మిషనరీగా వచ్చిన మొట్టమొదటి వైద్యుడు. ఆయన వచ్చింది మద్రాసుకు కాదు, 1819లో సింహళం వచ్చి, యాళ్పాణంలో, అంటే జాఫ్నాలో, పండత్తరిప్పు అనే పల్లెలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. 1836లో గాని మద్రాసుకు రాలేదు. ఆ పల్లె పేరు మా ఆవిడ ఇరవై ఏడేండ్లు మనసులో దాచుకుంది. మాకు ఆ సంగతి తెలియనే తెలియదు!

ఇక మిగతా లెక్కలు వాటంతటవే కుదిరాయి. మద్రాసు నుండి కొలంబోకు గంటన్నర లోపు విమానం. వెల్లూరులో అబ్బిన అరవం నాలుగు ముక్కలు యాళ్పాణంలో పనికి వస్తాయి. అన్నం, కూర, కొబ్బరి, చేప మన తిండికి దూరం కాదు. వీసాకు తిరగనక్కరలేదు, ఇంటర్నెట్టులో తలకు 20 డాలర్లు కట్టాము. ఋతువు సంగతి మాత్రం కొంచెం ఆలోచించవలసి వచ్చింది. ఆ చిన్న దేశానికి రెండు వానాకాలాలు. మే నుండి సెప్టెంబరు వరకు కొలంబో వైపు, కొండల వైపు కురిస్తే, అక్టోబరు నుండి జనవరి వరకు ఉత్తరాన, తూర్పున కురుస్తుంది. రెండు వైపులా తెరిపి ఉండేది ఫిబ్రవరి, మార్చి. మాకూ దాళ్వా నాట్లు అయిపోయి, కోతలు రాని సందు అదే. గేదెను మా తమ్ముడి ఇంట కట్టేసి బయలుదేరాము.

పాస్‌పోర్టు గురించి ఒక మాట. అరవై ఏండ్లు దాటినవారికి ఫీజులో పదవ వంతు తగ్గిస్తారు. మాకు తలకు 1,350 పడింది. మా ఆవిడ పదవ తరగతి పాసు కాలేదు గనుక ఆమె పాస్‌పోర్టులో ఇమిగ్రేషను తనిఖీ కావాలని ముద్ర పడుతుందని ఊళ్ళో అన్నారు. అది చూసి విమానాశ్రయంలో ఆపేస్తారని కూడా భయపెట్టారు. యాభై ఏండ్లు దాటినవారికి ఆ ముద్ర వేయరు. వేసినా అది కొన్ని దేశాలకు పనికి వెళ్ళేవారికే వర్తిస్తుంది, చూడడానికి వెళ్ళేవారికి అడ్డం కాదు. మమ్మల్ని ఎవరూ ఆపలేదు.

కొలంబోలో మొదటి ఆటో అతను మా దగ్గర నాలుగింతలు తీసుకున్నాడు. మీటరున్న ఆటోలు ఉన్నాయని సాయంత్రానికి తెలిసింది. కొత్త ఊరికి కట్నం చెల్లించామనుకున్నాము. అప్పట్లో మన రూపాయికి వారి రూపాయలు రెండున్నర వచ్చేవి. అందువల్ల ధర వినగానే గుండె ఆగేది, లెక్క వేసుకున్నాక మళ్ళీ కొట్టుకునేది. 200 రూపాయల అన్నం మన 80 రూపాయలు.

పేట్టా బజారు దగ్గర గుట్ట మీద డచ్చివారు 1757లో పూర్తి చేసిన వోల్వెండాల్ గుడి చూశాము. సిలువ ఆకారంలో కట్టిన మందపు గోడల గుడి, లోపల నేలంతా సమాధి పలకలే. నడవాలంటే ఎవరి పేరు మీదనో కాలు పెట్టాలి. మా ఆవిడ చెప్పులు విప్పి గోడ ప్రక్కగా నడిచింది. కొచ్చికడ్డెలోని సెయింట్ ఆంటోనీ గుడికి కూడా వెళ్ళాము. అన్ని మతాలవాళ్ళూ వచ్చి కొవ్వొత్తులు వెలిగించే చోటు అది. గుమ్మం దగ్గర పూలమ్మే ఆమె మా చేతి సంచీ బరువు చూసి తన పీట మీద పెట్టుకోమన్నది. మేము తిరిగి వచ్చిన రెండు నెలలకు, 2019 ఏప్రిల్ 21న, ఈస్టరు ఆదివారం ఉదయం ఆ గుడిలోనూ, నెగొంబో, బట్టికలోవాలలోని గుడులలోనూ, కొలంబో హోటళ్ళలోనూ బాంబులు పేలి రెండు వందల యాభై మందికి పైగా చనిపోయారు. ఆ రోజు టీవీ ముందు మేము పూలమ్మే ఆమెనే వెదికాము. ఆమె పేరైనా అడగలేదు.

కొలంబో నుండి కాండీకి రైలు. రెండవ తరగతి మన డబ్బులో వంద లోపే. కాండీలో సరస్సు గట్టున నడవడానికి టిక్కెట్టు లేదు గనుక రెండు పూటలా అక్కడే నడిచాము. 1807లో దాన్ని త్రవ్వించినది కాండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు. మధురై నుండి వచ్చిన నాయకర్ల వంశం వాడు, తెలుగు మూలాలు గలవాడు. ఆంగ్లేయులు 1815లో అతన్ని పట్టుకుని, తెచ్చి ఉంచినది ఎక్కడనుకున్నారు? వెల్లూరు కోటలో. అక్కడే 1832లో చనిపోయాడు. పాలారు ఒడ్డున ఉన్న అతని సమాధిని మేము 1991లో ఎవరిదో తెలియకుండానే చూశాము. సిగిరియా కొండ ఎక్కలేదు. మోకాళ్ళ కోసం కొంత, డాలర్లలో కట్టవలసిన టిక్కెట్టు కోసం కొంత. ఏమి చూడకూడదో ముందే తేల్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది, పశ్చాత్తాపమూ ఉండదు.

కాండీ నుండి పొల్గహవెల జంక్షనులో దిగి యాళ్పాణం రైలు ఎక్కాము. యుద్ధంలో 1990లో తెగిపోయిన ఆ దారిని మన దేశపు సహాయంతో మళ్ళీ వేస్తే, 2014 అక్టోబరులో రైలు యాళ్పాణం చేరింది. అనురాధపురం దాటి, వవునియా దాటి పోగా పోగా నేల చదునైపోయి తాటిచెట్లు మొదలయ్యాయి. కొన్నిటికి తలలు లేవు. ఎదుటి సీటులోని పెద్దాయన, "ఫిరంగి" అని ఒక్క మాట అని కిటికీ వైపు తిరిగాడు. మేము ఆ తరువాత ఏమీ అడగలేదు.

యాళ్పాణంలో ఒక మిషను అతిథి గృహంలో నాలుగు రాత్రులు ఉన్నాము. 1981లో తగలబడిన గ్రంథాలయం తెల్లగా మళ్ళీ నిలబడి ఉన్నది. 97,000 పుస్తకాలు కాలిపోయాయట. బడిపంతులు మనసుకు ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు కలిగిన బాధ ఇక్కడ రాయలేము. డచ్చివారి కోట గోడల మీద సాయంత్రం గాలికి కుర్రాళ్ళు గాలిపటాలు ఎగరేస్తున్నారు. లోపలి పాత గుడి మాత్రం యుద్ధంలో పోయింది, రాళ్ళ కుప్ప.

బజారులో మా ఆవిడ ఒక్కసారిగా ఆగిపోయింది. బుట్టలో తేగలు! మన తేగలే. అక్కడ వాటిని ఎండబెట్టి పిండి కొట్టి చేపలతో కలిపి జావ కూడా కాస్తారు. మనము కాల్చుకుని, ఉడకబెట్టుకుని తింటామని చెబితే అమ్మే ఆమె నవ్వి, "మీరూ మావాళ్ళే" అని రెండు ఎక్కువ వేసింది.

పండత్తరిప్పుకు బస్సులో వెళ్ళాము. పాఠకులు ఏదో గొప్ప వర్ణన ఆశిస్తారేమో. పెద్దగా చూడవలసినది ఏమీ లేదు. ఎర్రమట్టి దారి, తాటాకు దడులు, బడి గంట, బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు. మా ప్రక్క ఊరు లాగే ఉన్నది. స్కడ్డరు పేరు ఇద్దరు ముగ్గురిని అడిగితే ఒకరు తెలియదన్నారు, ఒకరు పాస్టరు గారి ఇల్లు చూపించారు, ఆయన ఊళ్ళో లేరు. ఒక వేపచెట్టు క్రింద అరగంట కూర్చున్నాము. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. ఇంత దూరం వచ్చి నిరాశపడిందేమోనని అనుకుంటుంటే, "ఇలాంటి ఊరికా వచ్చాడు ఆయన, అంత దూరం నుంచి" అన్నది, తనలో తాను.

తిరుగుదారిలో మానిప్పాయ్‌లో దిగాము. అక్కడ డాక్టరు శామ్యూల్ గ్రీన్ పేరున ఆసుపత్రి ఉన్నది. ఆయన 1847లో వచ్చి, అరవంలోనే వైద్యం నేర్పాడు. శరీరశాస్త్రం, శస్త్రచికిత్స పుస్తకాలు అరవంలోకి తెచ్చాడు. అరవైమందికి పైగా స్థానికులను వైద్యులను చేసి 1873లో వెళ్ళిపోయాడు. రోగుల బెంచీ మీద మేము కూర్చుని ఉండగా ఒక నర్సు వచ్చి చీటీ ఏదని అడిగింది. "జబ్బు లేదమ్మా, ఊరికే చూడడానికి వచ్చాము, ఆంధ్రా నుంచి" అన్నాము వచ్చీ రాని అరవంలో. ఆసుపత్రి చూడడానికి వస్తారా ఎవరైనా అన్నట్టు ఆ అమ్మాయి చూసింది. మా ఆవిడ పొట్ట మీది మచ్చ వైపు చేయి పెట్టి చూపి, "వెల్లూర్, స్కడ్డర్" అన్నది. ఆ అమ్మాయికి ఎంత అర్థమైందో తెలియదు. లోపలికి వెళ్ళి బీపీ మిషను తెచ్చి, మా ఆవిడ చేతికి చుట్టి చూసి, "నల్లా ఇరుక్కు" అని చెప్పి వెళ్ళిపోయింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

తిరిగి వచ్చాక నోటుబుక్కులో కలిపి చూస్తే ఇద్దరికీ పది రోజులకు, పాస్‌పోర్టులతో సహా, 62,400 రూపాయలు అయింది. అందులో విమానం 19,000, బసలు 15,300, తిండి 9,000, రైళ్ళు బస్సులు ఆటోలు 6,000. మిగిలినవి వీసా, భీమా, మద్రాసు రైలు, చిల్లర. ఇవన్నీ 2019 నాటి ధరలు. ఆ తరువాత 2022లో ఆ దేశం డబ్బుకు పెద్ద దెబ్బ తగిలింది, ధరలు తలక్రిందులయ్యాయి, కనుక వెళ్ళేవారు కొత్తగా లెక్క వేసుకోవాలి. మేము వెళ్ళినప్పుడు లేని దారులు కూడా తెరిచారు. 2019 చివరలో మద్రాసు నుండి నేరుగా యాళ్పాణానికి విమానం మొదలై, కరోనాతో ఆగి, 2022 డిసెంబరులో మళ్ళీ నడిచింది. 2023 అక్టోబరులో నాగపట్టణం నుండి కాంకేశన్‌తురైకి ఓడ వేశారు. అది వానాకాలంలో ఆగుతుంది, కనుక తేదీ చూసుకుని బయలుదేరాలి.

పోస్టాఫీసు పుస్తకంలో మిగిలిన సొమ్ము అలాగే ఉంచాము. గొలుసు బీరువాలోనే ఉన్నది.

వచ్చిన ఆదివారం గుడి బయట అందరూ చుట్టూ చేరారు. ఒక పెద్దమ్మకు మేము ఎక్కడికి వెళ్ళామో ఎంత చెప్పినా ఎక్కలేదు. "అమ్మాయ్, యొర్దాను నీళ్ళు తెచ్చావా?" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. మా ఆవిడ సంచీలో నుండి తాటాకు బుట్టలో పెట్టిన యాళ్పాణం తాటిబెల్లం తీసి ఆమె చేతిలో పెట్టింది. పెద్దమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించి, "మన బెల్లం లాగే ఉందే" అన్నది.